మరుగు ఎక్కడ మొదలగును? పాఠశాల మరుగుదొడ్లు, కాపలా కెమేరాలు

మరుగుదొడ్డి అను మాట ఆ స్థలములో జరుగు పనిని చెప్పదు. ఆ స్థలమునకు ఉండవలసిన గుణమును చెప్పును. మరుగు అనగా చాటు. ఇంటిలో ఈ చాటు ఏర్పరచుట కష్టము కాదు. ఒక గది, ఒక తలుపు, లోపల ఒక గడియ ఉన్నచో చాలును. కాని ఐదారువందలమంది పిల్లలు చదువుకొను పాఠశాలలో ఈ చాటు ఎక్కడ మొదలు కావలెను? గడియ పెట్టిన తలుపు వెనుకనా? చేతులు కడుగుకొను చోటనా? లేక వరండానుండి లోనికి తిరుగు మలుపు దగ్గరనా?

ఈ ప్రశ్నకు ఇటీవల రెండు కారణములచేత ప్రాధాన్యము కలిగినది. ఇంగ్లండు, స్కాట్లండు వంటి దేశములలో కొన్ని క్రొత్త పాఠశాల భవనములలో బాలురు, బాలికలు అందరును వాడు ఉమ్మడి మరుగుదొడ్లు కట్టుచున్నారు. ఇది మొదటిది. పాఠశాలలలో కాపలా కెమేరాలు పెరుగుచుండుట రెండవది. పత్రికలలో ఈ రెండింటిని వేర్వేరు తగవులుగా చర్చించుట అలవాటు. భవనపు పటమును ముందు పెట్టుకొని చూచినవారికి మాత్రము ఇవి ఒకే గోడను గురించిన రెండు ప్రశ్నలని తెలియును.

ఉమ్మడి మరుగుదొడ్డి మనకు వింత కాదు. మన ఇండ్లలో ఉన్నవన్నియు అట్టివే. రైలుపెట్టెలోనిది కూడ అట్టిదే. అందులోనికి స్త్రీ పురుషులు ఒకరి తరువాత ఒకరు పోవుదురు, ఎవరును ఆక్షేపింపరు. ఏలయనగా ఒక్కసారికి ఒక్కరే లోపల ఉందురు, గడియ లోపలినుంచి పడును. ఇంగ్లండు పాఠశాలలకు 2012లో చేసిన నియమములు సరిగా ఈ సూత్రమునే పట్టుకొన్నవి. ఎనిమిదేండ్లు నిండిన బాలురకు, బాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు ఉండవలెను. అయితే లోపలినుంచి గడియ వేసికొనదగిన గదిలో, ఒక్కసారికి ఒక్క విద్యార్థి మాత్రమే వాడునట్లు కట్టినదానికి ఈ నిబంధన లేదు. స్కాట్లండు నియమములు 1967 నాటివి. అవి అమర్చవలసిన దొడ్లలో సగము బాలురకు, సగము బాలికలకు ఉండవలెనని చెప్పుచున్నవి. అక్కడ ఒక ప్రాథమిక పాఠశాల క్రొత్త భవనములో ఉమ్మడివి మాత్రమే కట్టగా తల్లిదండ్రులు న్యాయస్థానమునకు వెళ్లిరి. వేర్వేరు దొడ్లు ఉండి తీరవలెనని 2025 ఏప్రిల్‌లో ఎడింబరోలోని కోర్ట్ ఆఫ్ సెషన్ స్పష్టపరచినది.

ఇంతకును ఇంజనీర్లు ఉమ్మడి పద్ధతికి ఎందుకు మొగ్గిరి? బాలుడనియో బాలిక అనియో వ్రాసిన తలుపులలో దేనిలోనికి పోవుటకును మనసొప్పని విద్యార్థులు కొందరుందురు. వారికి ఇది మేలు. కాని భవన నిర్మాతలను ఆకర్షించిన కారణము మరియొకటి కూడ కలదు. పాతకాలపు మరుగుదొడ్డి వరండానుండి మలుపు తిరిగి పోవు ఒక హాలు. అందులో ఒక ప్రక్క కడుగుకొను తొట్లు, మరియొక ప్రక్క చిన్న గదుల వరుస. ఉపాధ్యాయుని కంటికి అందనిది కాబట్టి పెద్దపిల్లలు చిన్నవారిని ఏడ్పించుట, సిగరెట్లు కాల్చుట, గోడలు పాడుచేయుట అన్నియు అక్కడనే జరుగుచుండెను. దీనికి విరుగుడుగా మలుపు గోడను తీసివేసి, కడుగుకొను తొట్లను వరండాలోనికే తెచ్చి, చిన్న గదులకు మాత్రము నేలనుండి కప్పువరకు గోడలు, తలుపులు కట్టిరి. వరండాలో నడచిపోవు వారెల్లరును తెలియకయే కాపలాదారులగుదురు. ఆలోచన చక్కనిదే.

అయితే ఈ మార్పులో ఏమి పోయినదో గమనింపుడు. పాత పటములో మూడు మండలములు ఉండెను. అందరికిని కనబడు వరండా ఒకటి. ఎవరికిని కనబడని చిన్న గది ఒకటి. ఈ రెంటికిని నడుమ సగము చాటైన కడుగుకొను చోటు. ఈ నడిమి మండలమునకు ఎవరును పేరు పెట్టలేదు గాని దానికి పని ఉన్నది. బట్టలు సరిచేసికొనుట, నెలసరి వేళ మరక పడిన లంగాను తడుపుకొనుట, తరగతిలో తిట్లుతిన్న పిల్లవాడు ముఖము కడుగుకొనుట అక్కడ జరుగును. క్రొత్త పటములో నడిమి మండలము లేదు. అది వరండాలో కలిసిపోయినది. వరండాలో కెమేరా అంతకుముందే ఉన్నది! ఆ కెమేరాను ఎవరును మరుగుదొడ్డిలో పెట్టలేదు; మరుగుదొడ్డియే సగము నడచి కెమేరా ముందునకు వచ్చినది. తొట్టి కూడ చిన్న గది లోపలనే ఉన్నచో ఈ చిక్కు చాలవరకు తీరును. కాని ప్రతి గదికి ఒక తొట్టి, ఒక కుళాయి, ఒక గొట్టము అనగా ఖర్చు.

కెమేరాలు నిజముగా లోపలికే వచ్చిన సందర్భములును లేకపోలేదు. బ్రిటన్‌లో బిగ్ బ్రదర్ వాచ్ అను పౌరహక్కుల సంస్థ సమాచార హక్కు క్రింద పాఠశాలలకు లేఖలు వ్రాసి, వచ్చిన జవాబులను 2012లో ప్రకటించినది. ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సులలో 2,107 ఉన్నత పాఠశాలల లెక్కలలో మొత్తము 47,806 కెమేరాలు తేలినవి. వాటిలో 207 పాఠశాలలకు చెందిన 825 కెమేరాలు మరుగుదొడ్లలోనో, బట్టలు మార్చుకొను గదులలోనో ఉన్నవి. అవి తొట్లవైపు మాత్రమే చూచుచున్నవని పలువురు ప్రధానోపాధ్యాయులు సమాధానము చెప్పిరి. ఈ సమాధానమును నమ్మవచ్చునా? ఇది మంచితనమునకు సంబంధించిన ప్రశ్న కాదు. కాంతి శాస్త్రమునకు సంబంధించినది. కాబట్టి కెమేరా ఎంత చూడగలదో కొంచెము నిదానముగా పరిశీలింతము.

కెమేరాలో కటకము వెనుక ఒక పలుక ఉండును. దానిమీద వెలుతురును కొలుచు సూక్ష్మమైన గళ్లు వరుసలుగా ఉండును. ఒక్కొక్క గడి చిత్రములో ఒక్కొక్క చుక్క అగును. దీనినే పిక్సెల్ అందురు. ఇప్పుడు సాధారణముగా అమ్ముడగు కెమేరాలో అడ్డముగా 1,920 చుక్కలు ఉన్నవనుకొందము. కెమేరా ఎదుటి దృశ్యములో ఒక మీటరు వెడల్పుకు ఎన్ని చుక్కలు వచ్చునన్నదే అసలు లెక్క. కాపలా కెమేరాలకు ఐరోపాలో పాటించు ప్రమాణము ప్రకారము మీటరుకు 25 చుక్కలు పడినచో అక్కడ మనిషి ఉన్నాడని తెలియును. 125 పడినచో తెలిసిన మనిషిని గుర్తుపట్టవచ్చును. 250 పడినచో ఎన్నడును చూడని మనిషిని కూడ ముఖమునుబట్టి నిర్ధారింపవచ్చును. 1,920ని 250 చేత భాగించినచో 7.68 మీటర్లు వచ్చును. అనగా సుమారు ఏడున్నర మీటర్ల వెడల్పు గల దృశ్యములో ప్రతి ముఖమును నిర్ధారింపదగినదే. మన పాఠశాలల వరండాలు ఇంతకంటె ఎంతో ఇరుకైనవి. "దూరమునుంచి చూచుచున్నది, ఏమియు తెలియదు" అను మాట మునుపటి కెమేరాలకు చెల్లెనేమో గాని ఇప్పటి వాటికి చెల్లదు. ఈ భాగహారమును తరగతిలో పిల్లలచేతనే చేయింపవచ్చును.

ఇక అద్దము. కెమేరా వరండాలోనే ఉండి, మరుగుదొడ్డి వాకిలివైపు మాత్రమే చూచుచున్నదనుకొందము. వాకిలికి ఎదురుగా లోపలి గోడకు ముఖము చూచుకొను అద్దము ఉన్నచో ఏమగును? పతన కోణము, పరావర్తన కోణము సమానములని పదవ తరగతిలోపుననే చదువుకొందుము. ఆ సూత్రము ప్రకారము కెమేరా దృష్టికి ఆ అద్దము ఒక కిటికీతో సమానము. కెమేరా అద్దమునకు నాలుగు మీటర్ల ముందున్నచో, అద్దము వెనుక నాలుగు మీటర్ల దూరమున మరియొక కెమేరా ఉండి ఆ కిటికీలోనుంచి గదిని చూచుచున్నట్లే లెక్క. అద్దము వెడల్పు ఒక మీటరైనచో, అద్దమునుండి రెండు మీటర్లు గదిలోనికి వచ్చుసరికి కనబడు వెడల్పు ఒకటిన్నర మీటరగును. తలుపు తెరచియున్న చిన్న గది ఆ పరిధిలో పడుట ఎంతపాటి పని?

ఇది ఊహ కాదు. కొన్నేండ్ల క్రిందట నేను విజ్ఞాన ప్రదర్శనకు న్యాయనిర్ణేతగా పోయిన ఒక ఉన్నత పాఠశాలలో చూచినాను. ఆ ఊరి పేరు చెప్పను. వరండా చివర క్రొత్తగా కెమేరా పెట్టిరి. ప్రదర్శన ముగిసిన తరువాత పదవ తరగతి బాలిక ఒకతె తన ఉపాధ్యాయిని వెనుక నిలువబడి మెల్లగా అన్నది: "మేము మధ్యాహ్నం మంచినీళ్లు తాగమండీ. లోపలికి పోతే అది చూస్తుందండీ." ప్రధానోపాధ్యాయుడు మంచివాడు. "ఛ, అది వరండాకు పెట్టినదమ్మా! లోపలేం కనపడదు" అని నవ్వినాడు. ఆయనను కష్టపెట్టక ఒక ప్రయోగము చేయుదమంటిని. బడి విడిచిన తరువాత ఆ ఉపాధ్యాయిని ఖాళీగా ఉన్న మరుగుదొడ్డిలోనికి పోయి, చిన్న గది తలుపు తీసి నిలబడి, గోడమీది అద్దములోనికి చూచినది. ఒక నిమిషమునకు ఆమె గొంతు వినబడినది: "మాస్టారూ, కెమేరా కనపడుతోందండీ."

కాంతి పోయిన దారినే తిరిగి రాగలదు. అద్దములో మనకు కెమేరా కనబడినదనగా కెమేరాకు మనము కనబడుచున్నామని అర్థము. ఏ యంత్రమును విప్పనక్కరలేదు, తెరమీద ఎవరి బొమ్మను చూడనక్కరలేదు. ఈ ప్రయోగమునకు కావలసినది రెండు కండ్లు మాత్రమే. మరునాడు ఆ అద్దమును ప్రక్క గోడకు మార్చిరి.

ఆ బాలిక నీళ్లు త్రాగమని చెప్పిన మాటను పిల్లతనమని తీసివేయరాదు. మూత్రాశయము పట్టుట పెద్దవారిలో సుమారు 400 నుండి 500 మిల్లీలీటర్లు, పదేండ్ల పిల్లలలో 300 నుండి 350 వరకు ఉండును. బడివేళలు ఆరేడు గంటలు. ఇంతసేపు బిగబట్టుట నిత్యకృత్యమైనచో మూత్రము నిలువయుండి సూక్ష్మజీవులు పెరుగుటకు వీలగును. బాలికలలో మూత్రనాళము పొట్టిది కాబట్టి వారికి ఈ జబ్బు సోకుట అధికము. బిగబట్టలేక నీళ్లు మానివేసిన పిల్లలకు మలబద్ధకము, తలనొప్పి, వేసవిలో వడదెబ్బ తోడగును. కెమేరా ఒక్కదానిని కూడ తన వైపు త్రిప్పుకొనక, కేవలము అనుమానముచేతనే ఇంత హాని చేయగలదు. అందుచేత కనబడకుండుట ఒక్కటే చాలదు. కనబడదని పిల్లలకు నమ్మకము కలుగవలెను.

గోడల సంగతికి వత్తము. తలుపు అంచున ఆరు మిల్లీమీటర్ల సందు ఉన్నదనుకొనుడు. మూడు మీటర్ల దూరములో కదలక ఉన్న కన్నునకు, తలుపు వెనుక అరవై సెంటీమీటర్లలో ఉన్న మనిషిలో ఏడు మిల్లీమీటర్ల వెడల్పు చీలిక మాత్రమే కనబడును. అదే కన్ను సందునకు ఐదు సెంటీమీటర్ల దగ్గరకు వచ్చినచో దాదాపు ఎనిమిది సెంటీమీటర్లు కనబడును; ప్రక్కకు కదిలినచో గది అంతయు కనబడును. కాబట్టి సందునకు భయపడవలసినది దూరపు కెమేరాకు కాదు, దగ్గరకు రాగల మనిషికి. తలుపు క్రింద జానెడు ఖాళీ విడుచుట పాత పద్ధతి. నీళ్లుపోసి కడుగుటకు, లోపల ఎవరైన సొమ్మసిల్లినచో తెలియుటకు అట్లు విడిచెడివారు. జేబులో పట్టు టెలిఫోనులోనే కెమేరా వచ్చిన తరువాత ఆ జానెడు ఖాళీ ప్రమాదకరమైనది. ఉమ్మడి దొడ్లలో బాలురు, బాలికలు ప్రక్క ప్రక్క గదులలో ఉందురు కాబట్టి అక్కడ గోడలు నేలనుండి కప్పువరకు ఉండుట తప్పనిసరి. అప్పుడు గాలి పోవుటకు కప్పు దగ్గర గొట్టము లేదా పంకా, లోపలివారు పడిపోయినప్పుడు పెద్దలు బయటనుంచి తీయదగిన గడియ ఉండవలెను. వీటిని మరచి, గోడలు మాత్రము ఎత్తుచేసిన భవనము సగము కట్టిన భవనమే.

మన దేశములో పరిస్థితి వేరు. 2009 నాటి విద్యాహక్కు చట్టపు అనుబంధములో బాలురకు, బాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు ఉండవలెనని ఉన్నది. 2012 అక్టోబరులో సుప్రీంకోర్టు వీటిని ఆరు నెలలలో కట్టించుడని రాష్ట్ర ప్రభుత్వములను ఆదేశించినది. మనకు ఉమ్మడివా, విడివా అను తగవుకంటె తలుపు, గడియ, నీరు ఉన్నవా అన్నదే నేటికిని పెద్ద ప్రశ్న. కెమేరాల విషయములో మాత్రము మనము ఎవరికిని వెనుకబడలేదు. 2025 జూలైలో కేంద్ర మాధ్యమిక విద్యా మండలి, అనగా సి.బి.ఎస్.ఇ., తన గుర్తింపుగల పాఠశాలలన్నిటిలో వాకిళ్లు, వరండాలు, మెట్లు, తరగతి గదులు, ప్రయోగశాలలు, ఆటస్థలములు మొదలగు చోట్ల చూపుతోబాటు మాటను కూడ పట్టు కెమేరాలు ఉంచవలెనని నియమము చేసినది. మరుగుదొడ్లను మినహాయించినది. రికార్డును కనీసము పదునైదు దినములు దాచవలెనన్నది. మినహాయింపు మంచిదే. కాని మరుగుదొడ్డి ఎక్కడ మొదలగునో, గడియ దగ్గరనా, తొట్టి దగ్గరనా, వాకిలి దగ్గరనా, ఆ మాటలో లేదు. అద్దములోనుంచి చూచు కెమేరా వరండాలో ఉన్నదే! మాటను కూడ పట్టు యంత్రమైనచో గోడ వెనుక జరుగు సంభాషణ కూడ దానికి అందవచ్చును. శబ్దము కాంతివలె తిన్నగా పోదు, మూలలు తిరుగును.

దొంగతనముగా చిత్రము తీయుటకు శిక్షలు ఉన్నవి. సమాచార సాంకేతిక చట్టములోని 66ఇ విభాగము, తాను చాటున ఉన్నానని న్యాయముగా నమ్మదగిన స్థితిలో ఉన్న వ్యక్తి రహస్యాంగములను అనుమతి లేక చిత్రించుటను నేరముగా చెప్పుచున్నది. మూడేండ్ల వరకు ఖైదు లేక రెండు లక్షలవరకు జుల్మానా లేక రెండును పడవచ్చును. 2024 జూలై నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయసంహిత 77వ విభాగము స్త్రీని మరుగుదొడ్డి వాడుచుండగా చూచుటను, చిత్రించుటను శిక్షించును. ఇది స్త్రీలకే వర్తించును, మొదటిది బాలురకు కూడ. గోప్యత మూలహక్కులలో చేరినదని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు 2017 ఆగస్టులో ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. అయితే ఈ చట్టములు దురుద్దేశముతో చేసినవానికొరకు. మంచి ఉద్దేశముతో కెమేరాను తప్పుచోట పెట్టిన ప్రధానోపాధ్యాయునికి ఇవి దారి చూపవు.

చిత్రము తీసిన తరువాత అది ఎక్కడికి పోవును? సెకనుకు రెండు మెగాబిట్ల చొప్పున వ్రాయు కెమేరా రోజుకు 21.6 గిగాబైట్లు నింపును. ముప్పది కెమేరాలు పదునైదు దినములు వ్రాసినచో 9,720 గిగాబైట్లు. ఇదంతయు ఒక ఇనుప పెట్టెలో ఉండవచ్చును, లేదా తంతిమార్గమున ఎక్కడో ఉన్న కంపెనీ యంత్రములకు పోవచ్చును. పెట్టె అయినచో తాళము ఎవరివద్ద ఉన్నది? కంపెనీ అయినచో సంకేతపదము ఎవరికి తెలియును? 2019లో ఢిల్లీ ప్రభుత్వము తరగతి గదులలో కెమేరాలు పెట్టించి, తల్లిదండ్రులు తమ టెలిఫోనులలో చూచు ఏర్పాటు మొదలుపెట్టినది. తన బిడ్డను చూడగోరిన తండ్రికి తక్కిన నలుబదిమంది బిడ్డలును కనబడుదురన్న సంగతి అప్పుడు చర్చకు వచ్చినది. అదే ఏడు స్వీడనులో షెలెఫ్తెయో పట్టణపు ఉన్నత పాఠశాల 22మంది విద్యార్థుల హాజరును ముఖమును గుర్తించు కెమేరాతో మూడువారములు తీసినందుకు ఆ దేశపు పర్యవేక్షక శాఖ రెండు లక్షల క్రోనాల జుల్మానా విధించినది. విద్యార్థులు ఒప్పుకొన్నారుగదా అని పాఠశాల వాదించినది. మార్కులు వేయువాడు అడిగినప్పుడు పిల్లలు ఇచ్చు ఒప్పుదల స్వేచ్ఛగా ఇచ్చినది కాదని శాఖ త్రోసిపుచ్చినది. ఈ మాట ఉపాధ్యాయులు ఒకటికి రెండుసార్లు చదువదగినది. మన పార్లమెంటు 2023లో చేసిన వ్యక్తిగత సమాచార చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారి నడవడిని యంత్రములతో గమనించుటను నిషేధించినది గాని, 2025 నవంబరులో ప్రకటించిన నియమములలో పిల్లల భద్రత నిమిత్తము విద్యాసంస్థలకు మినహాయింపు లభించినది. అనగా హద్దు గీయు భారము పాఠశాలమీదనే పడినది.

మరుగుదొడ్డిలో జరుగు తప్పులను పట్టుకొనవలదా అందురు. పట్టుకొనవలెను. దానికి చిత్రము అవసరమా? బ్రిటన్, అమెరికా పాఠశాలలు కొన్ని కప్పుకు చిన్న పసికట్టు యంత్రములు బిగించుచున్నవి. లోపల సన్నని కాంతిరేఖ ఉండును. పొగ కణములు దానికి అడ్డుపడినచో కాంతి నలుదిక్కులకు చెదరును, ఆ చెదరిన కాంతిని కొలిచి గంట మ్రోగించును. కిటికీలోనుంచి పడు ఎండలో ధూళికణములు మెరయుట ఇట్టిదే. ముఖము దానికి అక్కరలేదు. అట్టివానిలో కొన్నింటికి శబ్దమును పట్టు భాగము కూడ ఉండును. కొనునప్పుడే అడిగి తెలిసికొనవలెను. యంత్రమేదియు కొనలేని పాఠశాలలో విరామ సమయమున ఒక ఆయమ్మ వాకిటివద్ద కూర్చున్నను చాలును. ఆమె చూచినదానిని పదునైదు దినములు దాచి మరియొకరికి చూపలేదు.

ఆ అద్దము మార్చిన పాఠశాలకు మొన్న మరల పోయితిని. తొట్లముందు రొమ్మెత్తు అడ్డుగోడ లేచినది. కెమేరా ఉన్నది, మరుగుదొడ్డి వాకిలి పడు భాగమును తెరమీద నల్లచతురముగా కప్పివేసిరి. ఈ ఏర్పాటు చాలవరకు కెమేరాలలోనే ఉండును, అడిగినచో బిగించువాడు చేసియిచ్చును. రికార్డు పెట్టెకు రెండు తాళములు, ఒకటి ప్రధానోపాధ్యాయునివద్ద, రెండవది ఆ ఉపాధ్యాయినివద్ద. తెరచిన తేది, వేళ, కారణము ఒక నోటుపుస్తకములో వ్రాయుదురు. అడిగి ఆ పుస్తకము చూచినాను. ఏడాదికి నాలుగు పంక్తులు ఉన్నవి. మూడు, పోయిన సైకిళ్లను గురించి. నాలుగవది కోతులను గురించి.